పిల్లల ఆటలో నెత్తికి దెబ్బ: హెల్మెట్ కొనేముందు క్యాంప్‌లో అడగాల్సిన ప్రశ్న

ఏప్రిల్ వచ్చిందంటే మా నల్లగొండలో గోడల నిండా సమ్మర్ క్యాంప్ పోస్టర్లే. ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో ఒకటి, స్టేడియంలో ఒకటి, ఊరి బయట కొత్తగా వేసిన క్రికెట్ నెట్స్‌లో ఇంకొకటి. మా బిడ్డ స్కూల్ టీంలో కబడ్డీ ఆడుతుందని తెలిసినవాళ్ళు అప్పుడే నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, మావోణ్ని ఏ క్యాంప్‌లో వెయ్యమంటవు, హెల్మెట్ ఏది కొనమంటవు?" అని. ఫీజెంత, కోచ్ ఎక్కడిదాకా ఆడాడు, స్టేట్ టీంకు ఎంతమందిని పంపాడు, ఇవన్నీ అప్పటికే ఆరా తీసి ఉంటారు. పిల్లవాడి నెత్తికి దెబ్బ తగిలిన రోజు అక్కడ ఏం చేస్తారని మాత్రం ఎవరూ అడిగి ఉండరు. నేనూ అడగలేదు.

ఫోన్‌లో ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాద్దామని కూర్చున్నాను. క్యాంప్, బాల్, హెల్మెట్, కబడ్డీ కోర్టు, దెబ్బ తగిలాక ఏ ఆస్పత్రి, ఏ స్కాన్, ఎన్నాళ్ళ రెస్ట్, ఇలా ప్రతిదాంట్లో రెండు మూడు దారులుంటాయి, వాటిలో ఏది ఎందుకు మంచిదో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. నేను డాక్టర్‌ను కాదు. దెబ్బ తిన్న పిల్ల తండ్రిని, ఆ తర్వాత డాక్టర్లను అడిగి, దొరికింది చదివి నేర్చుకున్నవాణ్ని.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. రెండేళ్ళ కింద, మండల పోటీలకు ముందు ప్రాక్టీస్ మ్యాచ్. బిడ్డ కూతకు పోయింది. కార్నర్‌లో ఉన్న అమ్మాయి, కవర్‌లో ఉన్న అమ్మాయి ఒకేసారి మీదికొచ్చారు, అందులో ఒకమ్మాయి నెత్తి, మా బిడ్డ నెత్తి టంగుమని కొట్టుకున్నాయి. స్పృహ తప్పలేదు. లేచి మట్టి దులుపుకుంది, నవ్వింది కూడా. నేను గీత పక్కనే ఉన్నాను. "నాయినా, స్కోరెంత?" అని అడిగింది, చెప్పాను. నిమిషం ఆగి మళ్ళీ అదే అడిగింది. ఆ తర్వాత మూడోసారి. ఆట ధ్యాసలో ఉందిలే అనుకున్నాను. కోచ్ మొహం మీద నీళ్ళు చల్లి "ఏం కాలేదు, ఆడు" అన్నారు, నేను కూడా "ఆడు బిడ్డా" అన్నాను.

ఆ సాయంత్రం తలనొప్పి అంది, ట్యూబ్‌లైట్ వెలుగు చూడలేకపోయింది. మర్నాడు క్లాసులో బోర్డు మీది అక్షరాలు ఊగుతున్నట్టు ఉన్నాయని టీచర్‌కు చెప్పిందట. మూడోరోజు సీటీ స్కాన్ తీయించాం, నార్మల్ అన్నారు. ఆ నార్మల్ అన్న మాట పట్టుకొని ఐదోరోజు నేనే గ్రౌండ్‌కు పంపాను. రెండు రౌండ్లు పరిగెత్తిందో లేదో తలనొప్పి తిరగబెట్టింది, కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. పూర్తిగా మామూలు మనిషి కావడానికి ఐదు వారాలు పట్టింది, ఎస్‌ఏ-1 పరీక్షలు సగం రాసి సగం వదిలేసింది. మొదటి రోజే ఆట ఆపి, వారం పది రోజులు సరిగ్గా చూసుకుంటే ఇంత దూరం వచ్చేది కాదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

దీన్నే కంకషన్ అంటారు. దెబ్బకు పుర్రె లోపల మెదడు ఒక్కసారిగా కుదుపుకు గురవుతుంది. పుర్రె పగలదు, రక్తం కారదు, కానీ మెదడు పని చేసే తీరు కొన్నాళ్ళు గాడి తప్పుతుంది. 10 మందిలో దాదాపు 9 మందికి స్పృహ పోదు, అందుకే "పడిపోలేదు కదా, ఏం కాలేదు" అనే మాట ఇంత ప్రమాదం. దెబ్బ నెత్తికే తగలాలని కూడా లేదు, ఛాతీ మీద ఎవరైనా గట్టిగా గుద్ది (కబడ్డీలో డ్యాష్ అంటారు) మెడ ఒక్కసారి విదిలించినట్టయినా రావచ్చు. అడిగిందే అడగడం, ఎటు నిలబడాలో మర్చిపోవడం, మొహం వెలవెలబోవడం, అడుగు తడబడటం, వెలుగు, చప్పుడు పడకపోవడం, ఊరికే ఏడుపు, చిరాకు, ఇవన్నీ దాని గుర్తులే. కొన్ని వెంటనే రావు, గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడతాయి.

క్యాంప్ ఎంపిక: ఒకే ఒక్క ప్రశ్న

క్యాంప్‌కు వెళ్ళినప్పుడు కోచ్‌ను పక్కకు పిలిచి మర్యాదగా ఇదొక్కటి అడగండి: "సార్, పిల్లవాడి తలకు దెబ్బ తగిలితే మీరేం చేస్తారు?"

మా వాళ్ళతో కలిసి నేను తిరిగిన చోట్ల మూడు రకాల జవాబులు విన్నాను. ఒకటి, "మా దగ్గర అట్లాంటివి జరగవండి." ఈ మాట అన్నచోట చేర్పించకండి. బాల్, బ్యాట్, పరుగు, పోట్లాట ఉన్నచోట దెబ్బ తగలడం ఖాయం, జరగదు అన్నాయన దానికి సిద్ధంగా లేడని అర్థం. రెండోది, "చూస్తాం, పిల్లవాడు బాగానే ఉంటే మళ్ళీ ఆడిస్తాం." ఇది వినడానికి సబబుగానే ఉంటుంది, ఎక్కువమంది ఇక్కడే పడిపోతారు. మూడోది, "ఆ రోజు ఇంక ఆడనివ్వం, మీకు ఫోన్ చేస్తాం, డాక్టర్ చూసి సరే అన్నాకే రానిస్తాం." ఈ మూడో జవాబు దొరికితే నెట్స్ చిరిగి ఉన్నా, పిచ్ అంత బాగా లేకున్నా, ఫీజు వంద ఎక్కువైనా అక్కడే వేయండి.

రెండో జవాబు ఎందుకు వద్దంటున్నానంటే, 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఏం జరిగిందో చూడండి. ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ వేసిన బౌన్సర్ (తల ఎత్తుకు లేచే బాల్) ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. ఆస్ట్రేలియా టీం డాక్టర్ అక్కడే ఉన్నాడు, పరీక్షలన్నీ చేశాడు, స్మిత్ పాసయ్యాడు, ముప్పావుగంటలో మళ్ళీ బ్యాటింగ్‌కు వచ్చాడు. మర్నాడు పొద్దున తలనొప్పి, మత్తు. మ్యాచ్ నుంచి తప్పించారు, అతని బదులు లబుషేన్ దిగాడు, కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా టెస్టు ఆడిన మొదటివాడు అతనే. స్మిత్ తర్వాతి టెస్టు కూడా ఆడలేదు. పక్కనే డాక్టర్ ఉండి, అన్ని పరీక్షలు చేసినచోటే దెబ్బ ఆలస్యంగా బయటపడితే, మన దగ్గర విజిల్ మెడలో వేసుకొని 40 మంది పిల్లలను చూసుకునే సారు రెండు నిమిషాల్లో ఎలా తేల్చగలరు? అది ఆయన తప్పు కాదు, ఎవరివల్లా కాదు. అందుకే "చూసి ఆడిస్తాం" కాకుండా "ఆ రోజు ఆట బంద్" అనే నియమం కావాలి. మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే అరుదుగా మెదడు ఒక్కసారిగా వాచిపోయి ప్రాణం పోయే ప్రమాదం ఉంది, అది ఎక్కువగా కనిపించేది టీనేజ్ పిల్లల్లోనే.

ఇంక ప్రైవేటు అకాడమీయా, స్కూల్ పీఈటీ సారు దగ్గరా, ఊళ్ళో అన్నలు నడిపే టీమా అని అడుగుతారు. అకాడమీలో సామాను బాగుంటుంది, కానీ బ్యాచ్‌లు పెద్దవి, ఎవరికి ఏం తగిలిందో కోచ్ కంట పడకపోవచ్చు. పీఈటీ సారుకు పిల్లవాడు ఏడాది పొడుగునా తెలుసు, మామూలుగా ఎలా మాట్లాడతాడో తెలుసు కాబట్టి తేడా వస్తే ముందు పట్టుకునేది ఆయనే. నాకైతే ఇది చాలా పెద్ద లాభం. కాకపోతే ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలు దగ్గరపడ్డప్పుడు బాగా ఆడే పిల్లను పక్కన కూర్చోబెట్టడం ఆయనకు కష్టం, పైనుంచి ఒత్తిడి ఉంటుంది, ఆ టైంలో మనమే వెళ్ళి "సార్, ఓడిపోయినా ఫర్వాలేదు, కూర్చోబెట్టండి" అని చెప్పాలి. ఆ మాట తల్లిదండ్రుల నోటి నుంచి వస్తే సారుకు కూడా బలం. ఊళ్ళో అన్నల టీం అయితే ప్రేమ ఎక్కువ, జాగ్రత్త తక్కువ, అక్కడ పెద్దవాళ్ళ బౌలింగ్‌కు చిన్నపిల్లలను నిలబెట్టకుండా చూసుకుంటే చాలావరకు నయం.

గురుకులంలో చదివే పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. మీరు దగ్గర ఉండరు, పిల్ల చెప్తే తప్ప తెలియదు, టీంలోంచి తీసేస్తారేమో అన్న భయంతో పిల్ల చెప్పదు. కలవడానికి వెళ్ళిన రోజే హౌస్ టీచర్‌కు, పీఈటీకి మీ నంబరిచ్చి "నెత్తికి చిన్న దెబ్బ తగిలినా ఆ రోజే ఫోన్ చెయ్యండి" అని అడగండి. బిడ్డకు కూడా, చెప్తే తిట్టమని ముందే మాటివ్వండి.

మన దగ్గర ఎండ సంగతి కూడా ఉంది. మే నెలలో నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం అంటే ఎవరైనా ఎండదెబ్బే అనుకుంటారు, ఓఆర్‌ఎస్ తాగించి నీడలో కూర్చోబెడతారు. దానిలో తప్పు లేదు, కానీ "పొద్దున నుంచి ఎక్కడైనా తగిలిందా?" అని ఒక్క మాట అడగాలి. తగిలిందంటే దాన్ని నెత్తి దెబ్బగానే లెక్కపెట్టాలి, ఎండదెబ్బ అని తేల్చేయకూడదు.

క్యాంప్ చూడటానికి వెళ్ళినప్పుడు పది నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. నేను చూసినంతలో నెట్స్‌లో దెబ్బలు బౌలర్ వేసిన బాల్ కంటే పక్క నెట్ చిరుగులోంచి వచ్చిన బాల్‌తో, వెనకాల ఎవరున్నారో చూడకుండా ఊపిన బ్యాట్‌తో ఎక్కువ తగిలాయి. తమ వంతు కోసం ఎదురుచూసే పిల్లలను ఎక్కడ కూర్చోబెట్టారో చూస్తే కోచ్ జాగ్రత్త ఎంతో తెలిసిపోతుంది.

బాల్, హెల్మెట్

టెన్నిస్ బాల్ బరువు 56 నుంచి 59 గ్రాములు. పెద్దవాళ్ళ లెదర్ బాల్ 156 నుంచి 163, అండర్-13 పిల్లల లెదర్ బాల్ 133 నుంచి 144 గ్రాములు. పదేళ్ళలోపు పిల్లలకు టెన్నిస్ బాల్ చాలు, ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. తర్వాత లెదర్‌కు వెళ్ళినా 13 దాటేదాకా చిన్న సైజు బాల్‌తోనే ఆడించమని అడగండి, చాలా క్యాంపుల్లో అడిగేవాళ్ళు లేక పెద్దదే వాడతారు.

నాకు అన్నిటికంటే భయం కార్క్ బాల్. చవక, ఎక్కువ రోజులొస్తుంది, అందుకని ఊళ్ళల్లో టోర్నమెంట్లు దాంతోనే. గట్టిదనంలో లెదర్‌కు తీసిపోదు, మట్టి పిచ్ మీద ఏ బాల్ ఎటు లేస్తుందో తెలియదు, అయినా "లెదర్ కాదు కదా" అని పోరగాళ్ళు హెల్మెట్ లేకుండా నిలబడతారు. కార్క్ బాల్ ఆడాలంటే హెల్మెట్ ఉండాలి, లేకపోతే టెన్నిస్ బాల్‌తో ఆడాలి. ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి లేదు.

హెల్మెట్‌లలో మన ముందు మూడు ఉంటాయి: టీం కిట్ బ్యాగులో అందరూ పెట్టుకునేది, షాపులో చవకగా దొరికే లేబుల్ లేనిది, ప్రమాణం రాసి ఉన్నది. లోపలి లేబుల్ మీద బీఎస్ 7928:2013 అని ఉందా చూడండి. ఇది క్రికెట్ హెల్మెట్లకు బ్రిటిష్ ప్రమాణం, బాల్ మొహం ముందుండే గ్రిల్ సందులోంచి దూరి మొహానికి తగులుతుందా అనేది కూడా ఇందులో పరీక్షిస్తారు. పెద్దవాళ్ళ బాల్‌కు పరీక్షించారా, జూనియర్ బాల్‌కా అన్నది కూడా లేబుల్ మీదే ఉంటుంది, మీ పిల్లవాడు ఆడే బాల్‌కు సరిపోయేది తీసుకోండి. స్టీల్ గ్రిల్, టైటానియం గ్రిల్ రెండూ ఆ ప్రమాణం దాటినవైతే రక్షణలో టైటానియం గొప్పేమీ కాదు, తేలిక, రేటు ఎక్కువ, అంతే. ఆ మిగిలిన డబ్బుతో మెడ గార్డు కొనండి. 2014 నవంబర్‌లో సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్‌కు బౌన్సర్ తగిలింది హెల్మెట్ కింద, మెడ దగ్గర, రెండు రోజులకు చనిపోయాడు, ఆ తర్వాతే మెడ వెనక గార్డులు వాడకంలోకి వచ్చాయి.

కిట్ బ్యాగు హెల్మెట్‌తో ఇబ్బంది సైజు. పిల్లవాడికి పెట్టి బెల్టు బిగించి తల గట్టిగా ఊపమనండి, హెల్మెట్ తలతోపాటు కదలాలి, విడిగా ఊగితే అది వాడి హెల్మెట్ కాదు. సరిగ్గా కనబడటం లేదని గ్రిల్ వంచి సందు పెద్దది చేస్తుంటారు, అలా అస్సలు చేయనివ్వకండి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. అన్న హెల్మెట్ తమ్ముడికి పెట్టేముందు అది దెబ్బలు తిన్నదా కాదా కనుక్కోండి. బండి హెల్మెట్ పెట్టుకొని కీపింగ్ చేయడం కూడా ఊళ్ళల్లో చూశాను, అది ఆ పనికి చేసింది కాదు.

ఎంత మంచి హెల్మెట్ అయినా పుర్రె పగలకుండా, మొహం చితకకుండా కాపాడుతుంది కానీ లోపల మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు. హెల్మెట్ ఉంది కాబట్టి కంకషన్ రాదనుకోవద్దు. దగ్గర ఫీల్డింగ్ సంగతి కూడా మర్చిపోకండి. 1998లో ఢాకాలో క్లబ్ మ్యాచ్‌లో మన ఇండియా టీంకు ఆడిన రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాటర్‌కు బాగా దగ్గరగా, నిలబడ్డాడు, బ్యాట్స్‌మన్ కొట్టిన బాల్ నుదురు పక్కన తగిలింది, తనే నడిచి బయటికి వెళ్ళాడు, మూడు రోజులకు చనిపోయాడు. ఐసీసీ 2023 జూన్ నుంచి ఫాస్ట్ బౌలింగ్‌కు బ్యాటింగ్ చేసేవాళ్ళకు, వికెట్లకు దగ్గరగా నిలబడే కీపర్‌కు, బ్యాటర్ ముందు దగ్గరగా నిలబడే ఫీల్డర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మన క్యాంపుల్లో బ్యాటింగ్‌కు తప్ప మిగతా వాటికి ఎవరూ పట్టించుకోరు, మీరు అడగాలి.

ఇక్కడే ఇంకొకటి. బ్యాట్ సంచి, ఇద్దరు పిల్లలు, ముందు నాన్న, ముగ్గురూ ఒక బండి మీద హైవే ఎక్కి గ్రౌండ్‌కు వస్తారు, నాన్న ఒక్కడికే హెల్మెట్ ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బండి మీద హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. క్రికెట్ హెల్మెట్‌కు వేల రూపాయలు పెట్టేవాళ్ళు ఐఎస్‌ఐ మార్కు ఉన్న బండి హెల్మెట్ కూడా పిల్లవాడికి ముందే కొనండి.

కబడ్డీ: మట్టా, మ్యాటా

ప్రో కబడ్డీ వచ్చినప్పటి నుంచి అందరూ మ్యాట్ అంటున్నారు. పడ్డప్పుడు నేల తగిలే దెబ్బ వరకు మ్యాట్ మంచిదే. కానీ చాలాచోట్ల సిమెంట్ నేల మీద మ్యాట్ పరుస్తారు, చుట్టూ ఖాళీ తక్కువ, గీత దాటి విసురుగా పడ్డ పిల్ల నెత్తి నేరుగా సిమెంట్‌కో గోడకో తగులుతుంది. ముక్కల మధ్య సందు తెరుచుకొని కాలు ఇరుక్కుంటుంది. అలాంటి మ్యాట్ కంటే రాళ్ళు ఏరి, నీళ్ళు చల్లి, పొద్దున్నే తవ్వి మెత్తగా చేసిన మట్టి కోర్టు నయం. మన ఎండలకు మట్టి రెండు రోజుల్లో రాయిలా గట్టిపడుతుంది, కాబట్టి ఎవరు తవ్వుతున్నారు, ఎన్నాళ్ళకోసారి తవ్వుతున్నారు అని అడగండి.

అయితే కబడ్డీలో నేను ఎక్కువగా చూసింది నేల దెబ్బ కాదు, నెత్తీ నెత్తీ, నెత్తీ మోకాలూ కొట్టుకోవడం. అది కోర్టు మార్చితే పోదు, నేర్పే తీరులో ఉంది. తల వంచి, కళ్ళు మూసుకొని యాంకిల్ హోల్డ్‌కు (చీలమండ పట్టడానికి) దూకే పిల్ల నెత్తి రైడర్ (కూతకు వచ్చిన పిల్ల) మోకాలికి ఎదురు పోతుంది. తల ఎత్తి, చూపు రైడర్ మీద పెట్టి, తలను పక్కకు తీసి పట్టడం నేర్పే కోచ్ కావాలి. డ్యాష్‌కు ఎవరు కదలాలో పిలిచి చెప్పుకోవడం కూడా నేర్పాలి, మా బిడ్డకు తగిలిన రోజు ఇద్దరూ ఒకేసారి కదిలారు, ఎవరూ పిలవలేదు. తలకు కట్టుకునే మెత్తటి బ్యాండ్లు అమ్ముతున్నారు, చర్మం గీరుకోకుండా పనికొస్తాయేమో కానీ కంకషన్ ఆపుతాయని నమ్మి కొనకండి.

ఫుట్‌బాల్ మన వైపు తక్కువే. ఇనుప గోల్‌పోస్ట్ భూమిలో పాతి ఉందా, ఊరికే నిలబెట్టారా చూడండి, పిల్లలు వేలాడితే మీద పడుతుంది. చిన్నపిల్లలతో తలతో బాల్ కొట్టించే ప్రాక్టీస్ వద్దు, అమెరికాలో పదేళ్ళలోపు పిల్లలకు దాన్ని 2015లోనే ఆపేశారు.

దెబ్బ తగిలాక ఎక్కడికి

కొన్ని గుర్తులు కనిపిస్తే ఎక్కడికి అని చర్చ పెట్టుకోకండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం, ఒకటికి రెండుసార్లు వాంతి, తలనొప్పి గంట గంటకు పెరగడం, మత్తుగా పడిపోయి లేపినా సరిగ్గా లేవకపోవడం, ఒకటి రెండుగా కనబడటం, చేయీ కాలూ బలం తగ్గడం లేదా తిమ్మిరి, మెడ నొప్పి, చెవిలోంచి రక్తం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారడం, మనిషి తీరు మారిపోయి పిచ్చిగా కొట్టుకోవడం. వీటిలో ఒక్కటున్నా చాలు. మెడ నొప్పి అంటే, లేదా స్పృహలో లేకపోతే చేతులూ కాళ్ళూ పట్టి లేపకండి, హెల్మెట్ లాగకండి, నోట్లో నీళ్ళు పోయకండి. మన గ్రౌండ్లలో అందరూ మొదట చేసేది ఈ మూడే. ఊపిరి ఆడుతుందా లేదా చూస్తూ, మెడ కదలకుండా పట్టుకొని ఉండండి.

మొదట బాగానే మాట్లాడి, గంటల తర్వాత ఒక్కసారిగా పడిపోవడం కూడా ఉంటుంది, పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరితే అలా జరుగుతుంది. అందుకే ఏ గుర్తూ లేకపోయినా మొదటి రోజంతా పిల్లవాణ్ని ఒంటరిగా వదలకూడదు.

ఇప్పుడు ఎంపికలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే నొప్పికి ఇంజెక్షన్ వేసి గ్లూకోజ్ ఎక్కిస్తారు, గంట తర్వాత పిల్లవాడు నిద్రపోతే అది మందు వల్లో, దెబ్బ వల్లో ఎవరికీ తెలియదు. నెత్తి దెబ్బ వరకు ఆ దారి వద్దు. రెండోది నేరుగా హైదరాబాద్ కారు కట్టించుకోవడం. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్లు, దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి ఇంకా ఇబ్బంది. దారిలో ఫిట్స్ వస్తే కారులో ఏం చేయగలం? నేనైతే మూడో దారి అంటాను: ముందు దగ్గర్లో సీటీ స్కాన్, రాత్రైనా డ్యూటీ డాక్టర్ ఉన్న ఆస్పత్రి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో మెడికల్ కాలేజీ ఉన్న ప్రభుత్వ ఆస్పత్రులు ఉన్నాయి. లోపల రక్తం ఉందని తేలితే అక్కడి నుంచి అంబులెన్స్‌లో నిమ్స్‌కో, గాంధీకో, న్యూరోసర్జన్ ఉన్న ఇంకోచోటికో పంపుతారు, ఊపిరి, బీపీ చూసుకుంటూ వెళ్ళడానికీ కారు వెనక సీట్లో పడుకోబెట్టి వెళ్ళడానికీ చాలా తేడా. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు, రేషన్ కార్డు, ఆధార్ ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోండి.

స్కాన్‌ల గురించి. ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, మెదడును చూపించదు. సీటీ నిమిషాల్లో అయిపోతుంది, రక్తస్రావం, పగులు పట్టేస్తుంది, అత్యవసరంలో అదే కావాలి. అయితే రేడియేషన్ ఉంటుంది, పిల్లలకు అది ఊరికే తీయించేది కాదు. పై గుర్తులు ఏవీ లేకపోతే నాలుగైదు గంటలు ఆస్పత్రిలో ఉంచి గమనిద్దాం అని డాక్టర్ అంటే, పట్టించుకోవట్లేదని గొడవపడకండి, అది సరైన వైద్యమే. ఎంఆర్‌ఐలో రేడియేషన్ లేదు, కానీ ఎక్కువసేపు కదలకుండా ఉండాలి, మొదటి గంటల్లో దానితో పని తక్కువ. డాక్టర్ చీటీ లేకుండా నేరుగా స్కాన్ సెంటర్‌కు వెళ్ళి మీరే తీయించుకోవడం మాత్రం వద్దు.

నేను పడ్డ పొరపాటు ఇక్కడే. సీటీ నార్మల్ అంటే లోపల రక్తం లేదని మాత్రమే అర్థం. కంకషన్ సీటీలో కనబడదు. నార్మల్ రిపోర్టు ఆటకు అనుమతి పత్రం కాదు.

ఇంట్లో ఉంచమన్నాక: నొప్పికి పారాసెటమాల్ వరకు సరే, మొదటి రెండు రోజులు బ్రూఫెన్ లాంటివి డాక్టర్‌ను అడక్కుండా వేయకండి, ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు. నిద్రపోనివ్వొద్దని పెద్దవాళ్ళు రాత్రంతా కూర్చోబెడతారు. డాక్టర్ చూసి ఇంటికి పంపాక నిద్ర మంచిదే, మొదటి రాత్రి మధ్యలో లేపి చూడాలా అన్నది డాక్టర్‌నే అడగండి.

రెస్ట్ ఎంత

మూడు రకాలుగా చేస్తారు. మర్నాడే బడికీ ఆటకూ పంపడం ఒకటి. చీకటి గదిలో పదిరోజులు పడుకోబెట్టడం ఇంకొకటి. ఈ రెండోది ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు, ఇప్పుడు చెప్పడం లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో నిపుణులు తేల్చింది మూడో దారి: మొదటి 24 నుంచి 48 గంటలు తేలికగా ఉండటం, ఫోన్, టీవీ బాగా తగ్గించడం, ఆ తర్వాత నెమ్మదిగా నడక, కొంచెం కొంచెంగా కదలిక పెంచడం. గదిలో మూసిపెడితే పిల్లలకు దిగులు పెరుగుతుంది, తలనొప్పి కూడా ఆలస్యంగా తగ్గుతుంది.

ఆట కంటే ముందు బడి. మొదట గంట రెండు గంటలు, తలనొప్పి పెరగకపోతే పూట, ఆ తర్వాత రోజంతా. టీచర్‌తో మాట్లాడి నోట్స్ రాయడం, పరీక్షలు కొన్నాళ్ళు ఆపించండి. ఆటకు మెట్లు ఉన్నాయి: ఇంటి పనులు, నడక; తర్వాత సైకిల్, నెమ్మది పరుగు; తర్వాత ఒంటరిగా ఆటకు సంబంధించిన కదలికలు, మా బిడ్డ అయితే ఖాళీ కోర్టులో ఫుట్‌వర్క్ చేసింది; తర్వాత ఎవరూ మీద పడని టీం ప్రాక్టీస్; డాక్టర్ సరే అన్నాక పూర్తి ప్రాక్టీస్; చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టు దగ్గర కనీసం ఒక రోజు ఆగాలి. తలనొప్పి బాగా పెరిగితే ఆ రోజుకు ఆపి, మర్నాడు మళ్ళీ చూడాలి. మీద పడే ప్రాక్టీస్‌కు వెళ్ళేముందు గుర్తులన్నీ పోయి ఉండాలి.

డాక్టర్ పక్కన లేని ఊళ్ళకు లెక్క సులువుగా ఉండాలంటే బ్రిటన్ 2023లో, ఆస్ట్రేలియా 2024లో చిన్న స్థాయి ఆటలకు పెట్టుకున్న నియమం బాగుంటుంది: ఏ గుర్తూ లేకుండా 14 రోజులు గడిస్తేనే మీద పడే ప్రాక్టీస్, దెబ్బ తగిలిన రోజు నుంచి 21 రోజులు దాటితేనే మ్యాచ్. మా బిడ్డ స్కూల్లో ఇప్పుడు దీన్నే పాటిస్తున్నారు. నాలుగు వారాలు దాటినా తలనొప్పి, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం ఉంటే న్యూరాలజిస్టుకు చూపించాలి.

రెండోసారి, మూడోసారి కంకషన్ అయిన పిల్లలను ఆటలో ఉంచాలా వద్దా అని కూడా అడుగుతున్నారు. దానికి రోజుల లెక్క చాలదు. ఎన్నిసార్లు తగిలింది, ఒక్కోసారి తగ్గడానికి ఎన్నాళ్ళు పట్టింది, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత వ్యవధి ఉంది, ముందు తగ్గినంత తొందరగా ఈసారి తగ్గిందా, ఇవన్నీ తేదీలతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకొని పట్టుకెళ్ళండి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని న్యూరాలజిస్టుతో మాట్లాడండి. కబడ్డీ వద్దంటే పరుగు పందెమో, బ్యాడ్మింటనో ఉన్నాయి, దాన్ని ఎంచుకునేది మాత్రం పిల్లనే కానివ్వండి.